ఎక్కువ పాయింట్లు కొట్టేవాళ్లనే కెప్టెన్ చెయ్యాలా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో అయిదు ఒకే విషయం గురించి ఉన్నాయి: బాస్కెట్‌బాల్‌లో స్టార్ అనిపించుకున్నవాళ్లు టీమ్‌ని కూడా నడిపించగలరా అని. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకి ఉంచి, ఈ పేజీ మొత్తం వీటికే ఇస్తున్నాను.

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా అమ్మాయికి పదహారేళ్లు. హైస్కూల్ టీమ్‌లో ఎక్కువ పాయింట్లు కొట్టేది తనే, ఈ సీజన్‌కి కోచ్ తననే కెప్టెన్ చేశారు. అప్పట్నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. ప్రాక్టీస్‌లో ఎవరైనా పాస్ జారవిడిస్తే గట్టిగా అరుస్తోందట, ఇద్దరు పిల్లలు తనతో మాట్లాడటమే మానేశారు. అడిగితే "మైకేల్ జోర్డాన్ కూడా అరిచేవాడమ్మా, అందుకే గెలిచాడు" అంటుంది. మా వారు కూడా దానికే వంత పాడుతున్నారు. కెప్టెన్సీ వదిలేసి నీ ఆట నువ్వు ఆడుకోమని చెప్పనా? – ఒక తల్లి

జవాబు: వద్దమ్మా, వదిలెయ్యమని చెప్పకండి. స్టార్ మంచి లీడర్ కాగలదు, మీ అమ్మాయి కూడా కాగలదు. కాకపోతే తను జోర్డాన్ కథ సగమే విన్నట్టుంది, మిగతా సగం మీరు చెప్పాలి.

అరిచేవాడన్నది నిజమే. అరవడం ఏమిటి, 1995లో ట్రెయినింగ్ క్యాంప్‌లో తన టీమ్‌లోనే ఆడే స్టీవ్ కెర్‌తో మాటామాటా పెరిగి ముఖం మీద గుద్దాడు కూడా, ఆ తర్వాత ఫోన్ చేసి సారీ చెప్పాడు. ఇవన్నీ అందరికీ తెలిసిన సంగతులే, వాళ్లే స్వయంగా చెప్పుకున్నారు. కానీ ఆ అరుపుల వల్లే గెలిచాడంటే మాత్రం నేను ఒప్పుకోను. జోర్డాన్ ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) టీమ్ చికాగో బుల్స్‌కి వచ్చింది 1984లో, మొదటి టైటిల్ గెలిచింది 1991లో. మధ్యలో ఆరు సీజన్లు ఖాళీగా పోయాయి, అప్పుడు మాత్రం నోరు మూసుకుని ఆడాడా? 1986 ప్లేఆఫ్స్‌లో బోస్టన్ మీద ఒక్కడే 63 పాయింట్లు కొట్టాడు, రెండు ఓవర్‌టైమ్‌ల దాకా లాగాడు, అయినా బుల్స్ ఓడిపోయింది, ఆ సిరీస్ 3-0తో పోయింది. తర్వాతి సీజన్‌లో సగటున మ్యాచ్‌కి 37.1 పాయింట్లు. మళ్లీ అదే బోస్టన్ చేతిలో మళ్లీ 3-0. ఆ తర్వాత 1988, 1989, 1990 వరసగా మూడేళ్లు డెట్రాయిట్ పిస్టన్స్ ఇంటికి పంపించింది. ఎదుటి టీమ్‌కి చెయ్యాల్సిన పని ఒకటే కనిపించేది: ఇతన్ని ముగ్గురు చుట్టుముడితే చాలు, మిగతా నలుగురి చేతికి బంతి రాదు, వచ్చినా వాళ్లకి కొట్టే అలవాటు లేదు.

మారింది ఎప్పుడంటే, 1989లో ఫిల్ జాక్సన్ హెడ్ కోచ్ అయ్యాక. ఆయన దగ్గర టెక్స్ వింటర్ అనే అసిస్టెంట్ కోచ్ ఉండేవాడు, ఆయన పద్ధతిని ట్రయాంగిల్ అంటారు. అందులో బంతి అందరి చేతులూ తిరగాలి, ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లకి వెళ్లాలి, ఎంత పెద్ద ఆటగాడైనా సరే. జోర్డాన్‌కి మొదట్లో అది అస్సలు నచ్చలేదు, చేతిలో పని లాక్కుని పక్కవాళ్లకి పంచుతున్నట్టు అనిపించింది. కానీ ఒప్పుకున్నాడు. సగటు 33.6 నుంచి 31.5కి తగ్గింది, ఆ తగ్గిన ఏడాదే మొదటి టైటిల్ వచ్చింది. 1991 ఫైనల్స్‌లో లేకర్స్ మీద అతను సగటున మ్యాచ్‌కి 11.4 అసిస్టులు (పక్కవాళ్లు పాయింట్లు కొట్టేలా అందించిన పాస్‌లు) ఇచ్చాడు. అయిదో మ్యాచ్ చివర్లో అందరూ జోర్డాన్ మీదికే వస్తున్నారు, టైమౌట్‌లో జాక్సన్ "ఎవరు ఖాళీగా ఉన్నారు?" అని జోర్డాన్‌నే అడిగాడని, "పాక్సన్" అని జవాబొచ్చిందని చెబుతారు. జాన్ పాక్సన్‌కి బంతి వెళ్లింది, అతను వరసగా కొట్టాడు, ఆ రాత్రి 20 పాయింట్లు చేశాడు, బుల్స్ చాంపియన్ అయింది. 1993లో ఫీనిక్స్ మీద ఆరో మ్యాచ్ అయితే ఇంకా చూడాలి. చివరి క్వార్టర్‌లో అప్పటిదాకా బుల్స్ చేసిన పాయింట్లన్నీ జోర్డాన్‌వే. రెండు పాయింట్లు వెనకబడి ఉన్నారు, అలాంటప్పుడు బంతి అతని చేతిలోంచి పిపెన్‌కి, పిపెన్ నుంచి గ్రాంట్‌కి, గ్రాంట్ నుంచి మళ్లీ ఆ పాక్సన్‌కే వెళ్లింది. మూడు పాయింట్ల షాట్. 99-98. ఇక 1997 ఫైనల్స్ ఆరో మ్యాచ్, స్కోరు 86-86, చివరి క్షణాలు, యూటా వాళ్లు ఇద్దరు జోర్డాన్ మీద పడ్డారు, అతను పాస్ ఇచ్చింది ఎవరికనుకున్నారు? రెండేళ్ల క్రితం తను గుద్దిన ఆ కెర్‌కే. కెర్ కొట్టాడు, టైటిల్ వచ్చింది.

కాబట్టి మీ అమ్మాయిని అడగండి: నువ్వు అరిచిన ఆ పిల్లకి, పాస్ జారిపోయిన మరుసటి నిమిషంలోనే మళ్లీ బంతి ఇస్తున్నావా? ఇస్తుంటే కాస్త అరిచినా ఆ పిల్ల తట్టుకుంటుంది. అరిచి, ఆ తర్వాత పాస్ కూడా ఆపేస్తే మాత్రం ఆ పిల్లకి అర్థమయ్యేది ఒకటే, "నువ్వు పనికిరావు" అని. బాస్కెట్‌బాల్‌లో అది దాచినా దాగదు, కోర్టు మీద ఉండేది అయిదుగురే, బంతి ఒకటే, ఎవరు ఎవర్ని నమ్మట్లేదో బెంచ్ మీద కూర్చున్న చిన్నపిల్లకి కూడా తెలిసిపోతుంది. అరవడానికి కూడా ఒక హద్దుంది నా లెక్కలో. డిఫెన్స్‌కి వెనక్కి పరిగెత్తకుండా నడుచుకుంటూ వస్తే అనొచ్చు, అదీ తను అందరికంటే ముందు పరిగెత్తుతుంటేనే. షాట్ మిస్సయినందుకూ, చేతిలోంచి బంతి జారినందుకూ అనకూడదు. ఆ పిల్ల కావాలని చేసిందా?

తన వయసు వాళ్లకి జోర్డాన్ కంటే దగ్గరి పేరు కావాలంటే కెయిట్లిన్ క్లార్క్ ఉంది. అయోవా తరఫున 2023-24లో అమెరికా కాలేజీ మహిళల బాస్కెట్‌బాల్‌లో పాయింట్ల సగటులో మొదటి స్థానం తనదే, అసిస్టుల సగటులో కూడా మొదటి స్థానం తనదే. అంత దూరం నుంచి షాట్లు కొట్టే అమ్మాయి పక్కవాళ్ల చేత కూడా అన్ని కొట్టించింది, అయోవా రెండేళ్లు వరసగా ఫైనల్ దాకా వెళ్లింది. మీ అమ్మాయికి ఆమె వీడియోల్లో దూరపు షాట్లే కాకుండా పాస్‌లు కూడా వెతుక్కుని చూడమనండి.

మాట్లాడటం మానేసిన ఆ ఇద్దరి దగ్గరికీ తనే వెళ్లాలి. మీరు వాళ్ల అమ్మలకి ఫోన్ చెయ్యకండి, దాంతో విషయం ఇంకా పెద్దదవుతుంది.

మీ వారికి కూడా ఒక మాట చెప్పాలి. మ్యాచ్ అయ్యాక కారులో ఇంటికొస్తూ "ఎన్ని పాయింట్లు కొట్టావమ్మా?" అన్నది మన ఇళ్లల్లో మొదటి ప్రశ్న, మార్కులు ఎన్ని వచ్చాయని అడిగినట్టే. ఇంకొందరు నాన్నలు గ్యాలరీలోంచి "షూట్! షూట్!" అని అరుస్తుంటారు, పాస్ ఇద్దామనుకున్న పిల్ల కూడా ఆ కేక విని తనే కొట్టేస్తుంది. దయచేసి అది ఆపండి. ఎవరికి మంచి పాస్ ఇచ్చావు, ఎవరు బాగా ఆడారు అని అడగండి, నెల తిరిగేసరికి తన చూపు ఎటు పోతోందో మీకే తెలుస్తుంది.

ప్రశ్న: సచిన్ అంతటివాడే కెప్టెన్‌గా నిలవలేకపోయాడు. అంటే స్టార్లని వాళ్ల మానాన వదిలేసి, మామూలు ఆటగాడికి కెప్టెన్సీ ఇవ్వడమే మంచిది కదా? – ఇంజనీరింగ్ విద్యార్థి, విజయవాడ

జవాబు: ఈ మాట చాలామంది అంటారు. సచిన్ 25 టెస్టులకి కెప్టెన్‌గా ఉంటే గెలిచినవి 4, వన్డేల్లో 73కి 23. అంకెలు నిజమే. మరి 1983లో కపిల్ దేవ్ ఎవరు? జింబాబ్వే మీద 17 పరుగులకి 5 వికెట్లు పడిపోయాక 175 నాటౌట్ కొట్టినవాడే కప్పు కూడా ఎత్తాడు కదా. కాబట్టి క్రికెట్‌లోనే ఈ సూత్రం నిలబడదు.

అసలు రెండు ఆటల్లోనూ కెప్టెన్ చేసే పని ఒకటి కాదు, నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఇదీ. క్రికెట్‌లో బౌలర్‌ని మార్చడం, ఫీల్డర్లని నిలబెట్టడం, రివ్యూ తీసుకోవడం, డిక్లేర్ చెయ్యడం అన్నీ మైదానంలో కెప్టెనే తేల్చాలి. బ్యాటింగ్ గొప్పగా వచ్చినవాడికి ఇవన్నీ రావాలని లేదు. బాస్కెట్‌బాల్‌లో ఆ పనులన్నీ కోచ్‌వి. ఎవర్ని దింపాలి, ఎవర్ని బెంచ్ మీద కూర్చోబెట్టాలి, టైమౌట్ ఎప్పుడు అడగాలి, ఏ ప్లే ఆడాలి, అన్నీ కోచే చూసుకుంటాడు. మరి లీడర్‌కి మిగిలేది ఏమిటంటే, 24 సెకన్లలో షాట్ వెయ్యాల్సిన ఆటలో బంతిని ఎవరి చేతికి నమ్మి ఇస్తావు, డిఫెన్స్‌లో వెనకనుంచి స్క్రీన్ (దారికి అడ్డంగా నిలబడే ఎదుటి ఆటగాడు) వస్తోందని పక్కవాడికి నోరు తెరిచి చెబుతావా లేదా, పది పాయింట్లు వెనకబడ్డప్పుడు నీ ముఖం ఎలా ఉంటుంది. ఇవన్నీ స్టార్ ఎలాగూ చెయ్యక తప్పదు. బంతి ఎక్కువసేపు ఉండేదీ అతని చేతిలోనే, అందరూ చూసేదీ అతని ముఖమే. కెప్టెన్ బాధ్యత కాగితం మీద ఇంకొకరికి ఇచ్చినా, టీమ్ నడిచేది స్టార్ ఎలా ప్రవర్తిస్తే అలాగే.

కోచ్ పని కూడా స్టారే చేసిన ఉదాహరణ ఉంది, బిల్ రస్సెల్. బోస్టన్ సెల్టిక్స్‌కి 13 సీజన్లు ఆడి 11 టైటిళ్లు గెలిచాడు. 1966లో రెడ్ ఆవర్‌బాక్ కోచింగ్ నుంచి తప్పుకుంటే ఆయన స్థానంలో రస్సెల్‌నే పెట్టారు, ఎన్‌బీఏలో హెడ్ కోచ్ అయిన మొదటి నల్లజాతీయుడు అతనే. ఆడుతూనే కోచింగ్ చేశాడు, అలా 1968లో, 1969లో గెలిపించాడు. ఇంత చేసినవాడు ఒక్క సీజన్‌లో కూడా సగటున 20 పాయింట్లు కొట్టలేదు! అతని గొప్పతనమంతా డిఫెన్స్‌లో, మిస్సయిన షాట్ బంతిని అందుకునే రీబౌండ్లలో, ఎదుటివాడి షాట్‌ని ఆపి బంతిని తన టీమ్ చేతికి చేర్చడంలో ఉంది.

అదే కాలంలో విల్ట్ చాంబర్లెయిన్ ఉన్నాడు. 1962లో ఒకే మ్యాచ్‌లో 100 పాయింట్లు, ఆ సీజన్ సగటు 50.4, ఇప్పటికీ ఎవరూ దగ్గరికి కూడా రాలేదు. ఆ ఏడాది టైటిల్ మాత్రం రస్సెల్‌కే వెళ్లింది. విల్ట్ మొదటిసారి గెలిచింది 1967లో, ఆ సీజన్‌లో అతని సగటు 24.1కి పడిపోయింది, అసిస్టులు దాదాపు ఎనిమిదికి పెరిగాయి. విల్ట్‌ని స్వార్థపరుడని తేల్చేసేవాళ్లంటే నాకు కోపం. అతనూ మారాడు, మారాక గెలిచాడు, ఆ ఏడాది రస్సెల్ టీమ్‌ని ప్లేఆఫ్స్‌లో ఓడించింది కూడా అతనే.

ప్రశ్న: లీడర్‌గా లెబ్రాన్ గొప్పా, జోర్డాన్ గొప్పా? ఒక్క మాటలో చెప్పండి. – డిగ్రీ విద్యార్థి, కర్నూలు

జవాబు: ఒక్క మాటలో చెప్పలేను. కానీ 2007లో జరిగింది ఒకటి చెబుతాను. లెబ్రాన్ జేమ్స్ టీమ్ క్లీవ్‌లాండ్‌కి డెట్రాయిట్ మీద ఎన్‌బీఏ తూర్పు విభాగం (ఈస్ట్) ఫైనల్స్ మొదటి మ్యాచ్, రెండు పాయింట్లు వెనక, చివరి సెకన్లు. లెబ్రాన్ బాస్కెట్ దాకా వెళ్లి మూలన ఒంటరిగా ఉన్న డోన్యెల్ మార్షల్‌కి పాస్ ఇచ్చాడు, మార్షల్ మిస్సయ్యాడు. నువ్వే కొట్టొచ్చుగా, భయపడ్డావా అని మర్నాడు అందరూ తిట్టిపోశారు. నా దృష్టిలో ఆ పాస్ సరైనదే, ఈరోజు జరిగినా అదే ఇవ్వాలి. అదే సిరీస్ అయిదో మ్యాచ్‌లో ఎవరి చేతా పని కావట్లేదని తనే తీసుకుని 48 కొట్టాడు, అందులో టీమ్ చివరి 25 పాయింట్లూ అతనివే. ఎప్పుడు ఇవ్వాలో, ఎప్పుడు ఉంచుకోవాలో తెలిసినవాడని ఆ వారంలోనే తేలిపోయింది. మిగతాది మీరు ఫ్రెండ్స్‌తో వాదించుకోండి.

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ హైస్కూల్‌లో పీఈటీని. మా టీమ్‌లో అందరికంటే బాగా ఆడే కుర్రాడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నాలుగు మాటలు కూడా మాట్లాడడు. అథ్లెటిక్స్ చేసేవాడు, బాస్కెట్‌బాల్‌లోకి వచ్చి రెండేళ్లే అయింది. కెప్టెన్‌గా వాడిని పెట్టాలా, బాగా మాట్లాడే ఇంకో కుర్రాడిని పెట్టాలా? – హనుమకొండ

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరం చదవగానే టిమ్ డంకన్ గుర్తొచ్చాడు. అతను కూడా ఆలస్యంగా వచ్చినవాడే, చిన్నప్పుడు ఈతగాడు. వర్జిన్ ఐలాండ్స్‌లో వాళ్ల ఊరి స్విమ్మింగ్ పూల్‌ని 1989లో తుఫాను పాడుచేశాక బాస్కెట్‌బాల్ వైపు వచ్చాడు. శాన్ ఆంటోనియో స్పర్స్‌కి 19 సీజన్లు ఆడాడు, అయిదు టైటిళ్లు. ఈ మొత్తం కాలంలో అతను గట్టిగా మాట్లాడింది చూసినవాళ్లు తక్కువ. టైమౌట్‌లో పక్కవాడి భుజం మీద చెయ్యి వేసి చెవిలో ఒక మాట చెప్పడం, అంతే.

అతను చేసిన పెద్ద పని వేరే ఉంది. అప్పటి కోచ్ గ్రెగ్ పొపొవిచ్ నోరు మంచిది కాదు, అందరి ముందూ కడిగేసే రకం. అందరికంటే ముందు డంకన్‌నే కడిగేవాడు, డంకన్ పడేవాడు, మర్నాడు మామూలుగా ప్రాక్టీస్‌కి వచ్చేవాడు. అంత పెద్ద ఆటగాడే పడుతుంటే బెంచ్ మీదున్న పన్నెండో ఆటగాడు నన్నెందుకు అన్నారని ఎలా అలుగుతాడు? 2007 ఫైనల్స్‌లో అత్యుత్తమ ఆటగాడి అవార్డు (ఎంవీపీ) తన టీమ్‌లోని టోనీ పార్కర్‌కి వెళ్లింది, 2014లో కవాయ్ లెనర్డ్‌కి వెళ్లింది, డంకన్ ముఖంలో ఎక్కడా తేడా రాలేదు. 2013లో మయామీతో ఫైనల్స్ ఏడో మ్యాచ్ ఆఖరి నిమిషంలో బాస్కెట్ పక్కనుంచి సులువైన షాట్ మిస్సయింది అతనే, కోపంతో నేల మీద చరిచాడు, ఎవరినీ అనలేదు, మరుసటి ఏడాది అదే మయామీని 4-1తో ఓడించారు.

మీ కుర్రాడిని ఒకరోజు అందరి ముందూ మందలించి చూడండి, తప్పు ఉన్నప్పుడే సుమా, ఊరికే కాదు. తీసుకుంటే వాడినే కెప్టెన్ చెయ్యండి. మాటల సంగతంటారా, కెప్టెన్‌కి రూల్స్ ప్రకారం ఉండే ప్రత్యేకమైన పని చాలా తక్కువ. బంతి డెడ్ అయి, గడియారం ఆగి ఉన్నప్పుడు రిఫరీతో మర్యాదగా మాట్లాడొచ్చు, ముఖ్యంగా అంతే. మాట్లాడే కుర్రాడిని వైస్ కెప్టెన్‌గా పెట్టి ఆ పని అలవాటు చెయ్యండి. కానీ డిఫెన్స్‌లో మాత్రం మీ స్టార్ నోరు తెరవాల్సిందే, అక్కడ మౌనం కుదరదు. "స్క్రీన్ ఎడమ", "కుడి", "మారు", "నాది" ఇలా నాలుగు మాటలు ఇచ్చి ప్రాక్టీస్‌లో ప్రతిసారీ అరిపించండి, సిగ్గుపడే పిల్లలకి ఏం మాట్లాడాలో ముందే తెలిస్తే నోరు దానంతటదే పెగులుతుంది.

ప్రశ్న: నేను ఇంటర్ సెకండియర్. మా కాలేజీ టీమ్‌లో నేను రెండో బెస్ట్ ప్లేయర్‌ని. అన్నీ వాడికే, కెప్టెన్సీ వాడికే, చివరి షాట్ వాడికే, పేపర్లో ఫొటో కూడా వాడిదే. ఒక్కోసారి ఆడాలనిపించట్లేదు. – కాకినాడ

జవాబు: తమ్ముడూ, బాధ ఉంటుంది, ఎందుకుండదు. నీ బాధ స్కాటీ పిపెన్ పడ్డాడు, అదీ జోర్డాన్ పక్కన ఏళ్ల తరబడి. టీమ్‌లో చాలామందికి మనసుకి దగ్గరగా ఉన్నది పిపెనే, తప్పు చేసినవాడి దగ్గరికి వెళ్లి పర్లేదు అనేది అతనే. 1993లో జోర్డాన్ కొంతకాలం ఆట మానేసి వెళ్లిపోతే, ఆ సీజన్ పిపెన్ టీమ్‌ని నడిపించి 55 మ్యాచ్‌లు గెలిపించాడు.

అలాంటివాడు కూడా ఒక్కసారి జారాడు. 1994 ప్లేఆఫ్స్‌లో న్యూయార్క్‌తో మూడో మ్యాచ్, స్కోరు సమం, మిగిలింది 1.8 సెకన్లు. ఆఖరి షాట్ టోనీ కూకోచ్ వెయ్యాలని ఫిల్ జాక్సన్ చెప్పాడు. పిపెన్ మనసు కష్టపెట్టుకుని కోర్టులోకి వెళ్లనన్నాడు, బెంచ్ మీదే కూర్చున్నాడు. కూకోచ్ షాట్ పడింది, గెలిచారు, కానీ లాకర్ రూమ్‌లో సీనియర్ ఆటగాడు బిల్ కార్ట్‌రైట్ ఇలా ఎలా చేశావని కళ్లనీళ్లతో అడిగాడు. పిపెన్ అందరికీ క్షమాపణ చెప్పి, తర్వాతి మ్యాచ్ ఆడాడు, గెలిచారు. టీమ్ అతన్ని వదులుకోలేదు, ఆ తర్వాత ఇంకో మూడు టైటిళ్లు అందరితో కలిసి గెలిచాడు. అయినా ఇన్నేళ్లకీ ఆ 1.8 సెకన్లు అతని పేరు పక్కనే ఉన్నాయి.

నువ్వు బెంచ్ మీద కూర్చునే దాకా తెచ్చుకోకు. కోచ్ దగ్గరికి ప్రాక్టీస్ అయ్యాక ఒంటరిగా వెళ్లి, చివరి నిమిషంలో వాడి మీద ఇద్దరు పడితే బంతి నాకు వచ్చేలా ఒక ప్లే పెట్టండి సార్ అని అడుగు. అలిగి అడగొద్దు, ఆటగా అడుగు. కోచ్‌కి అది కావాల్సిన విషయమే, ఎందుకంటే ఎదుటి టీమ్ ఇద్దరిని పంపిస్తుందని ఆయనకీ తెలుసు. తర్వాత మీ కెప్టెన్‌తో కలిసి రోజూ అరగంట ఆ ఒక్క ప్లే ప్రాక్టీస్ చెయ్యి, వాడు పాస్ ఇచ్చే చోటు, నువ్వు నిలబడే చోటు రెండూ కళ్లు మూసుకున్నా తెలిసిపోవాలి. ఇంటర్ కాలేజ్ టోర్నమెంట్ అయ్యాక ఏం జరిగిందో తప్పకుండా రాయి.